వేడిని లెక్కకట్టిన దర్జీ కొడుకు

(ఎం.ఎస్సీ. ఫైనల్, భౌతికశాస్త్రం)

మన సంచికలో ప్రతి ఏడూ ఎవరో ఒక మహనీయుడి జీవితం పడటం ఆనవాయితీ. ఈసారి ఆ బాధ్యత నాకు అప్పగించినప్పుడు, సంపాదకవర్గంలోని మిత్రులు నేను ఏ న్యూటన్ గురించో, ఏ రామన్ గారి గురించో రాస్తాననుకున్నారు. నేను ఎంచుకున్న మనిషి పేరు మా తరగతి గదిలో వారానికి నాలుగుసార్లయినా వినబడుతుంది. సిరీస్ అనే మాటకు ముందూ, ట్రాన్స్‌ఫారమ్ అనే మాటకు ముందూ ఆ పేరు తగిలించి పరీక్ష రాసేస్తాం. మార్కులు వస్తాయి. అంతే సంగతులు. ఆయన ఏ ఊరివాడో, ఎవరి బిడ్డో మాలో ఒక్కరికీ తెలియదు. ఆయనే జోసెఫ్ ఫూరియే. నాకాయన్ని పరిచయం చేసింది పాఠ్యపుస్తకమని చెబితే అబద్ధమవుతుంది. వేడెక్కి చచ్చిపోయిన నా గేమింగ్ లాప్‌టాప్ పరిచయం చేసింది.

ఆ కథ ముందు చెప్పుకుంటాను. మా నాన్న మా ఊళ్లో బట్టలు కుడతారు. నా ప్రాజెక్టుకు మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు కావాలంటే, రెండో ఆలోచన లేకుండా చీటీ ముందే పాడి, తోసుబాటు పోగా వచ్చిన డబ్బు నా చేతిలో పెట్టారు. ఒక సీనియరన్న దగ్గర వాడిన గేమింగ్ లాప్‌టాప్ కొన్నాను. పగలు దాని మీద ప్రాజెక్టు లెక్కలు నడిచేవి. రాత్రిళ్లు ఏం నడిచేవో హాస్టలు మిత్రులకు తెలుసు, దాచి లాభం లేదు. మంచం మీద, దుప్పటి మీద పెట్టుకుని రెండు గంటల దాకా ఆటలే. ఏప్రిల్ వచ్చేసరికి దాని ఫ్యాన్లు రైసుమిల్లులా రొద చేయడం మొదలుపెట్టాయి. కీబోర్డు మీద వేలు పెడితే చురుక్కుమనేది. ఆట నత్తనడక నడిచేది. ఒకరోజు టక్కున ఆరిపోయింది. మళ్లీ పెడితే పది నిమిషాలు, మళ్లీ ఆరిపోవడం. ప్రాజెక్టు ఇవ్వడానికి పది రోజుల గడువుంది.

రిపేరు షాపుకు పట్టుకెళితే, అక్కడి పెద్దమనిషి మూత కూడా విప్పకుండా బోర్డు పోయిందన్నాడు. ఆయన చెప్పిన మొత్తం నాన్న ఇచ్చినదానికంటే ఎక్కువ. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాన్నకు ఫోను చేద్దామని నంబరు తీయడం, పెట్టేయడం. ఏమని చెప్పను? మర్నాడు మాకు థర్మోడైనమిక్స్ చెప్పే మాస్టారి దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన లాప్‌టాప్ వైపు చూడనే లేదు. ఒక తెల్లకాగితం నా ముందుకు తోసి, చిప్పులో పుట్టిన వేడి బయటి గాలిలో కలిసేదాకా ఏయే దారిన పోతుందో బొమ్మ గీయమన్నారు. గీయలేకపోయాను. ఉష్ణవాహకత మీద ఆయన పెట్టిన పరీక్షలోనే నాకు పూర్తి మార్కులొచ్చాయి. ఆ సంగతి ఆయనా అనలేదు, నేనూ అనలేదు. బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీసి చేతిలో పెట్టారు. అందులో ఫూరియే అధ్యాయం మొదట్లో ఆయన జీవితం అరపేజీ ఉంది. దర్జీ కొడుకని మొదటి వాక్యంలోనే రాసుంది. నా చూపు అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత దొరికిందల్లా చదివాను.

ఫూరియే 1768 మార్చి 21న ఫ్రాన్సులోని ఓసేర్ అనే పట్టణంలో పుట్టాడు. పెద్ద కుటుంబం, బోలెడుమంది పిల్లలు. పదేళ్లు వచ్చేసరికే తల్లీ పోయింది, తండ్రీ పోయాడు. ఊళ్లో బెనెడిక్టైన్ సన్యాసులు నడిపే సైనిక పాఠశాలలో సీటు దొరకడం ఆ కుర్రాడి అదృష్టం. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో లెక్కల పిచ్చి పట్టింది. పగటి చదువు చాలక, వాడి పారేసిన కొవ్వొత్తి ముక్కలు పగలంతా ఏరి దాచుకుని, అందరూ పడుకున్నాక వాటి వెలుగులో లెక్కలు చేసేవాడట. మనం కరెంటు పోతే పుస్తకం మూసేసే బాపతు కాబట్టి ఈ ముక్క ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఫిరంగిదళంలో చేరాలని కోరిక. కానీ ఆ రోజుల్లో ఆ కొలువు కులీనుల బిడ్డలకే. దర్జీ కొడుక్కి ఎన్ని లెక్కలొస్తే మాత్రం ఏం లాభం? తలుపు మూసేశారు. గత్యంతరం లేక 1787లో సన్యాసుల మఠంలో చేరాడు. దీక్ష పుచ్చుకునే లోపే 1789 వచ్చింది, విప్లవం వచ్చింది. మఠం విడిచి, చదువుకున్న బడిలోనే పంతులుగా కుదురుకున్నాడు.

పుట్టుకను బట్టి మనిషిని తూచే లోకాన్ని కూలుస్తామన్న విప్లవం ఆయన్ని ఆకర్షించడంలో వింతేముంది? 1793లో స్థానిక విప్లవ సంఘంలో చేరాడు. అయితే ఆ నిప్పు త్వరలోనే వంటింటి పొయ్యి దాటి ఇల్లంతా అంటుకుంది. అన్యాయంగా పట్టుబడినవాళ్ల తరఫున మాట్లాడాడు. అదే నేరమైంది. 1794 జూలైలో జైల్లో పెట్టారు. గిలెటిన్ కింద తల పోవాల్సిన రోజులవి. ఆ నెలాఖరునే రోబెస్పియర్ తల తెగింది. దాంతో ఫూరియే తల నిలిచింది. ప్రపంచ గణితచరిత్ర కొన్ని రోజుల తేడాలో ఎటుపోయేదో ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత పారిస్‌లో కొత్తగా పెట్టిన ఎకోల్ నార్మాల్‌లో విద్యార్థిగా చేరాడు. అక్కడ పాఠాలు చెప్పినవారు లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్. ఒక్కొక్కరూ ఒక్కో కొండ. 1797లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో లగ్రాంజ్ ఖాళీచేసిన ఆచార్య పీఠంలోనే ఫూరియేను కూర్చోబెట్టారు. ఇక సుఖంగా పాఠాలు చెప్పుకుంటాడనుకుంటే, 1798లో నెపోలియన్ ఈజిప్టు దండయాత్రకు పండితుల బృందంతో పాటు తీసుకుపోయాడు. కైరోలో పెట్టిన ఈజిప్టు సంస్థకు ఫూరియే కార్యదర్శి. ఆ ఎడారి ఎండలు ఆయన ఒంటికి ఎంత పట్టాయంటే, జీవితాంతం వదల్లేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

1801లో తిరిగొచ్చి మళ్లీ పాఠాలు చెప్పుకుందామనుకున్నాడు. నెపోలియన్ వదిలితేనా? 1802లో ఈజేర్ జిల్లాకు పాలనాధికారిగా గ్రెనోబుల్ పంపించాడు. మన లెక్కలో కలెక్టరుగిరీ అనుకోండి. మనసులో ఇష్టం లేకపోయినా పని మాత్రం నిజాయితీగా చేశాడు. బూర్గ్వాన్ ప్రాంతపు బురద చిత్తడి నేలలు చుట్టుపక్కల ఊళ్లకు జ్వరాలు తెచ్చిపెడుతుండేవి. గ్రామగ్రామానికీ నచ్చజెప్పి వాటిని ఎండగట్టించాడు. గ్రెనోబుల్ నుంచి టూరిన్ వైపు కొండల మీదుగా రోడ్డు పని చూశాడు. ఆ ఊళ్లోనే షాంపోలియోన్ అనే కుర్రాడికి ఈజిప్టు మీద ఆసక్తిని ప్రోత్సహించాడు. పెద్దయ్యాక 1822లో ఈజిప్టు చిత్రలిపిని విడమర్చి చెప్పింది ఆ కుర్రాడే.

ఫైళ్లూ, తగాదాలూ, బురదనేలలూ వీటన్నిటి మధ్య మిగిలిన వేళల్లో ఫూరియే చేసిన పనే మనకు ముఖ్యం. వేడి ఎలా ప్రవహిస్తుంది అన్నది ఆయన ప్రశ్న. వేడి అంటే ఏమిటన్న ప్రశ్న మీద అప్పట్లో పండితులు కొట్టుకు చస్తున్నారు. అదొక కంటికి కనబడని ద్రవమని కొందరు, అణువుల కదలికని కొందరు. ఫూరియే ఆ గొడవలో వేలు పెట్టలేదు. అది ఏదైనా కానీ, ఎంత వేగంగా పోతోందో కొలుద్దామన్నాడు. ఇనుప కడియం తీసుకుని, దానికి అక్కడక్కడా థర్మామీటర్లు అమర్చి, వేడిచేసి, ఎక్కడ ఎప్పుడు ఎంత చల్లారిందో ఓపిగ్గా రాసుకున్నాడు.

దాన్నుంచి తేలిన నియమం చెబితే మా అమ్మకు కూడా అర్థమవుతుంది. రెండు చోట్ల మధ్య వేడి తేడా ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత ఎక్కువ. దారి వెడల్పు పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, దారి పొడవు పెరిగితే తగ్గుతుంది. దారి దేనితో చేసిందన్నదాన్ని బట్టి ఒక అంకె ఉంటుంది, అదే వాహకత. రాగికి ఆ అంకె సుమారు 400. గాలికి 0.026. అంటే గాలికంటే రాగి వేడిని దాదాపు 15,000 రెట్లు బాగా మోస్తుంది. వస్తువు లోపల వేడి నడవడం వేరు, దాని ఒంటిమీంచి బయటి గాలికి దిగిపోవడం వేరని కూడా ఆయన విడదీసి చూపించాడు. ఈ రెండు ముక్కలూ చదివిన రాత్రి, మాస్టారిచ్చిన కాగితం ముందేసుకుని మళ్లీ కూర్చున్నాను. ఈసారి బొమ్మ వచ్చింది.

చిప్పు బొటనవేలి గోరంత. సుమారు 2 చదరపు సెంటీమీటర్లనుకుందాం. అందులో 45 వాట్లు ఖర్చయితే చదరపు సెంటీమీటరుకు ఇరవై పైచిలుకు వాట్లు. మా నాన్న వాడే 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు ఓ 200 చదరపు సెంటీమీటర్లుంటుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. గోరంత చిప్పు ఇస్త్రీపెట్టెకంటే నాలుగు రెట్లు ఒత్తుగా వేడిని కక్కుతోందన్నమాట! దాన్ని నేను దుప్పటి మీద పెట్టి ఆడాను.

ఆ వేడి మొదట చిప్పు మీది రాగి పలకలోకి ఎక్కాలి. రెండూ కంటికి నున్నగా ఉన్నా, మధ్యలో సన్నటి గాలి సందులుంటాయి. ఆ సందులు నింపడానికే థర్మల్ పేస్టు. అది ఎండి పెచ్చులు కడితే మళ్లీ గాలి చేరుతుంది, దారి మూసుకుంటుంది. అక్కణ్ణుంచి వేడి రాగి గొట్టాల గుండా సన్నటి రేకుల దొంతరకు చేరుతుంది. అన్ని రేకులెందుకయ్యా అంటే, గాలికి తగిలే వైశాల్యం పెంచడానికి. ఫ్యాను వాటిమధ్య గాలి తోస్తుంది. రేకులకు దుమ్ము పడితే తోసే గాలికి దారేది? ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా చిప్పు వేడి పెరుగుతుంది. నూరు డిగ్రీల దరిదాపుకు రాగానే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నా ఆట నత్తనడక నడిచింది అందుకే. అప్పటికీ తగ్గకపోతే ఆరిపోతుంది. నేను దాన్ని చావనుకున్నాను. నిజానికది ఆత్మరక్షణ.

ఎలక్ట్రానిక్స్ చదివే ఒక అన్నని బతిమాలి మూత విప్పించాను. ముందు బ్యాటరీ తీగ ఊడదీశాం. రేకుల ముందు దుప్పటి నూలూ దుమ్మూ కలిసి చాపలా పరుచుకుని ఉంది. పేస్టు సుద్దముక్కలా రాలింది. ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టి కుంచెతో దుమ్ము దులిపాం. పాత పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, చిప్పు మీద బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టాం. లాప్‌టాప్ వెనకవైపు రెండు పుస్తకాలు పెట్టి ఎత్తు చేశాం. ఆటలో సెకనుకు 60 ఫ్రేములు చాలని హద్దు పెట్టాను. పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 99 శాతానికి దించితే, అవసరానికి మించి ఉరికే టర్బో ఆగింది. 98 డిగ్రీల దగ్గర మూలిగే యంత్రం 81 దగ్గర నిలబడింది. ఖర్చు మొత్తం నాలుగొందలు దాటలేదు. బోర్డు పోలేదు. ప్రాజెక్టు గడువుకు ఒకరోజు ముందే ఇచ్చాను.

నా గొడవ అలా ఉంచి, ఫూరియే గొడవకు వద్దాం. 1807 డిసెంబరు 21న తన వ్యాసాన్ని పారిస్ విద్వత్సంస్థ ముందు పెట్టాడు. అందులో ఒక సాహసం చేశాడు. కడియం మీద వేడి మొదట ఎంత అడ్డదిడ్డంగా పరుచుకుని ఉన్నా, దాన్ని నున్నటి తరంగాల మొత్తంగా విడగొట్టవచ్చన్నాడు. చిన్న చిన్న అలలు త్వరగా అణగిపోతాయి. కడియంలో నడిచే వేడి వరకే చూస్తే రెండో అల మొదటిదానికంటే 4 రెట్లు, మూడోది 9 రెట్లు వేగంగా చల్లారుతుంది. చివరకు ఒక్క పెద్ద అల మిగులుతుంది. పరీక్షించిన పెద్దలు లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్, లక్రువా. అంటే గురువులే న్యాయమూర్తులు. నున్నటి అలలు కలిస్తే మూలలూ, తెగిన అంచులూ ఎలా వస్తాయని లగ్రాంజ్ ఒప్పుకోలేదు. వ్యాసం అచ్చుకు నోచుకోలేదు. ఎన్నాళ్లకనుకున్నారు? అది పూర్తిగా వెలుగు చూసింది 1972లో!

ఫూరియే అలిగి కూర్చోలేదు. వేడి ప్రవాహం మీద సంస్థ బహుమతి పోటీ పెడితే 1811లో మళ్లీ రాసి పంపాడు. బహుమతి ఇచ్చారు. ఇస్తూనే తర్కంలో బిగువు చాలలేదని ఓ చురక కూడా అంటించారు. న్యాయంగా చెప్పాలంటే పెద్దల అనుమానం పూర్తిగా తప్పు కాదు. ఎప్పుడు ఆ తరంగాల మొత్తం సరిగ్గా కుదురుతుందో 1829లో డిరిక్లే నిరూపించేదాకా ఆ వెలితి ఉండనే ఉంది. కానీ ఫూరియే చూసిన దారి నిజమైనదే.

ఈలోగా రాజకీయాలు మళ్లీ తలకిందులయ్యాయి. 1815లో ఎల్బా నుంచి నెపోలియన్ తిరిగొచ్చి గ్రెనోబుల్ మీదుగా పారిస్ వెళ్లాడు. ఆయన ఒక ద్వారంలోంచి వస్తుంటే ఫూరియే ఇంకో ద్వారంలోంచి తప్పుకున్నాడు. నెపోలియన్‌కు కోపం వచ్చింది, తగ్గింది, రోన్ జిల్లా ఇచ్చాడు. ఎంతోకాలం నిలవలేదు. వాటర్లూ తర్వాత ఫూరియేకు ఉద్యోగం లేదు, ఆదరువు లేదు. పాత శిష్యుడొకరు గణాంకశాఖలో చోటిచ్చి ఆదుకున్నాడు. గురువుల్ని మరిచిపోని శిష్యులు ఆ దేశంలోనూ ఉన్నారు. 1816లో అకాడమీ ఎన్నుకుంటే, నెపోలియన్ మనిషని రాజు అడ్డుకున్నాడు. 1817లో మళ్లీ ఎన్నుకున్నారు. 1822లో శాశ్వత కార్యదర్శి అయ్యాడు. అదే ఏడు ఉష్ణం మీద ఆయన మహాగ్రంథం అచ్చయింది. మొదటి వ్యాసానికీ దానికీ మధ్య పదిహేనేళ్లు. మన వాళ్లు ఒక్క సప్లిమెంటరీకే లోకం మునిగిపోయిందనుకుంటారు.

1824లో భూమి వేడి గురించి రాస్తూ, సూర్యకాంతిని లోపలికి సులువుగా రానిచ్చే వాతావరణం, నేల నుంచి పైకి పోయే వేడిని మాత్రం అంత సులువుగా పోనివ్వదన్నాడు. ఇవాళ భూమి వేడెక్కుతోందని లోకమంతా గగ్గోలు పెడుతున్న విషయానికి తొలి ఆలోచనల్లో ఇదొకటి. అంతేకాదు, నా లాప్‌టాప్ తెరమీది జేపెగ్ బొమ్మలూ, చెవుల్లో పెట్టుకున్న పాటలూ ఆయన అలల విభజన వంశానికి చెందిన లెక్కలతోనే కుదించబడతాయి. 1965లో కూలీ, టూకీ అనే ఇద్దరు ఆ విభజనను కంప్యూటర్ల మీద వేగంగా చేసే పద్ధతి ప్రకటించాక అది ఇంటింటికీ చేరింది. వేడెక్కించేదీ ఆయన లెక్కే, చల్లార్చేదీ ఆయన లెక్కే!

ఇక చివర్లో చెబుతానన్న సంగతి. ఈజిప్టు నుంచి వచ్చాక ఫూరియేకు చలి భయం పట్టుకుంది. వేడి ఒంటికి మంచిదని గట్టి నమ్మకం. వేసవిలో కూడా గదులు వేడిగా ఉంచుకుని, ఒంటినిండా ఉన్ని బట్టలు చుట్టుకునేవాడట. వేడి ఎలా బయటికి పోతుందో లోకానికి చెప్పిన మనిషి తన ఒంటి వేడిని బయటికి పోనివ్వలేదు. ఊపిరాడని జబ్బు ముదిరింది. 1830 మే నెల మొదట్లో మెట్లమీద పడ్డాడు. మే 16న పారిస్‌లో కన్నుమూశాడు. పెళ్లి చేసుకోలేదు. ఆ రోజుల్లో గాల్వా అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు పంపిన వ్యాసం ఆయన దగ్గరే ఉండి, ఆ మరణంతో కనబడకుండా పోయింది. కొవ్వొత్తి ముక్కలతో చదివిన మనిషి చేతిలో ఇంకో కుర్రాడి వెలుగు అలా ఆరిపోవడం తలుచుకుంటే బాధగా ఉంటుంది.

సొంత ఊరు ఓసేర్‌లో 1849లో ఆయనకు కంచు విగ్రహం పెట్టారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో దాన్ని కరిగించేశారు. ఈఫిల్ గోపురం మీద చెక్కిన 72 మంది పేర్లలో ఆయన పేరు మాత్రం ఉంది.

ప్రాజెక్టు ఇచ్చాక ఇంటికెళ్లి నాన్నకు జరిగిందంతా చెప్పాను. రాత్రిళ్ల ఆటల సంగతి కూడా దాచలేదు. తిడతారనుకున్నాను. ఆయన తన కుట్టుమిషను పలక విప్పి, పళ్ల కింద చేరిన నూలుపీచు చూపించారు. వారానికోసారి తీయకపోతే మిషను బిగుసుకుపోతుందని, ముప్ఫై ఏళ్లుగా తను చేస్తున్నదిదేనని, అంత చదివినవాడికి ఆమాత్రం తోచలేదేమని నెమ్మదిగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి. మీ యంత్రాన్ని పరుపుమీద పెట్టకండి, ఏడాదికోసారైనా దుమ్ము దులపండి. పరీక్షలో ఫూరియే పేరు రాసేటప్పుడు ఒక్కక్షణం ఆగి, ఆ కొవ్వొత్తి ముక్కలు తలుచుకోండి. ఆ పైన లెక్క చేయండి.